పంటికీ మీటరుకీ రెండు తేడా

“కాంపౌండరు మీద కంప్లయింటేటమ్మా? ఆడు నా బావమరిది. సూదేసినపుడు సెయ్యి వణుకుతాది గానీ మంచోడు,” అన్నాడు నూకయ్య.

ఝాన్సీ అన్నది కంపైలర్. సర్దిచెప్పే ఓపిక ఆమెకు లేదు.

రాజాంలో ధాన్యం తేమ కొలిచే మీటర్లు చేసే చిన్న కంపెనీలో ఆమె ప్రోగ్రామర్. కొత్త మీటరు తేమ ఎక్కువ చూపించి మంచి ధాన్యాన్ని కూడా వెనక్కి పంపింది. రైతులు తిరగబడితే ఓనరు తిరుమలరావు మార్కెట్ యార్డులో మైకు పట్టుకుని, “తప్పు మా ఝాన్సీది. నెలాఖరుకి పంపేస్తన్నాను,” అని చాటాడు. నా కోడు సరిగ్గానే ఉందని ఆమె అంటే, “ఆడలేక మద్దెల ఓడు” అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు.

ఆ యార్డులోనే నూకయ్య గింజ కొరికి తేమ చెబుతాడు. పంటను పంటితోనే పట్టేసే మనిషి. తప్పెక్కడో తేల్చుకుందామని మర్నాడే ఝాన్సీ మీటరుతో అతని పక్కన కూర్చుంది.

“పదారు,” అన్నాడు. మీటరు పద్దెనిమిది.

“పద్నాలుగు.” మీటరు పదహారు.

ఇరవై బస్తాలు చూశారు. ప్రతిసారీ రెండే తేడా.

ఎండవేడికి రెండు తగ్గించమని ఆమె ప్రోగ్రాములో మొదటే ఒక లైను రాసింది. దాన్ని మెషీను భాషలోకి మార్చేది కంపైలర్. వేగంగా నడిచేలా మార్చమంటే అది ఆ తీసివేతనే తీసివేసింది. బగ్గు కనబడగానే ఝాన్సీ భగ్గుమంది.

ప్రోగ్రామును కోసి కోసి పన్నెండు లైన్లకు తెచ్చింది. తప్పు అందులోనూ వచ్చింది. ఆ ఫైలుకో పేరు పెట్టి, కంపైలర్ తయారుచేసేవాళ్ళకు రిపోర్టు పంపింది. నూకయ్యకు అది కాంపౌండరని వినబడింది ఆ రోజే.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. “తప్పు మాదే. సరిచేశాం. మీ ఫైలును మా పరీక్షల్లో శాశ్వతంగా చేర్చాం.”

తిరుమలరావు ముఖం వెలిగింది. “నీ ఉద్యోగం ఎక్కడికీ పోదమ్మా. ఆ రిపోర్టులో నా పేరు కూడా ఇరికించు.”

“ఎప్పుడో ఇరికించినాను సార్. రండి, అదే మైకులో సెప్తాను.”

యార్డులో ఆమె మైకందుకుంది. “ఇకమీద ఈ కంపైలర్‌ని ఎవులు పరీక్షించినా నే పంపిన ఫైలు నడవాల. దాని పేరు తిరుమలరావు. మల్లీ ఈ తప్పొస్తే తెర మీద ‘తిరుమలరావు ఫెయిల్’ అనొస్తాది.”

యార్డంతా పగలబడి నవ్వింది. తిరుమలరావు నుదుటి తేమ ఏ మీటరుకైనా పద్దెనిమిది దాటేది.

నూకయ్య చెయ్యెత్తాడు. “మరి మా బావమరిదో? తొమ్మిది రోజులై ఆడు బయంతో సూదట్టుకోనేదు.”

ఝాన్సీ మైకు దించలేదు. “ఆ కాంపౌండర్ ఏటీ సెయ్యనేదు మావా. నాను రిపోర్టు రాసింది కంపైలర్ మీద. తప్పు దానిది. ఆయన సూదిదీ కాదు, నాదీ కాదు.”