నూకరత్నం మూకుడు

నేను ఒక ఇనుప మూకుడును. అనకాపల్లి కమ్మరి ఒకడు పాత డ్రమ్ము రేకును సాగగొట్టి నన్ను చేశాడు. నూకరత్నం నన్ను కొని, విశాఖ రేవు దగ్గర తన బజ్జీల బండి మీద పెట్టింది. పదకొండేళ్లు నాలో నూనె కాగని సాయంత్రం లేదు.

మిగిలిన నూనెను ఆమె ఎన్నడూ పారబొయ్యలేదు. నాతో సహా ఇంటికి తెచ్చి అందులోనే కూర వండేది. నల్లబడి జిగటగా మారినా వదిలేది కాదు. చుట్టుపక్కలవాళ్లు ఆమె పొదుపును మెచ్చుకునేవారు.

ఆమె భర్త అప్పలకొండ రేవులో బస్తాలు మోసేవాడు. ఒక మధ్యాహ్నం భుజాన బస్తా ఉండగానే కూలబడ్డాడు. గుండెపోటు. ఎలాగో బతికాడు. కొలెస్ట్రాల్ ఎక్కువుంది, నూనె తగ్గించాలి అని ఆసుపత్రివాళ్లు ఇంగ్లీషులో రాసిచ్చారు. నూకరత్నానికి తెలుగే చదవడం రాదు. కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. మనిషి నీరసపడ్డాడని కూరలో మరో గరిటె నూనె పోసింది.

పది రోజులకు ఆశా కార్యకర్త వరహాలమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంది. "రోజూ ఎలాగ వండుతావో అలాగే వండు, సూస్తాను" అంది. తర్వాత నాలోకి తొంగి చూసింది.

"ఈ నూనె ఎన్నిసార్లు కాగిందమ్మా?"

"ఎవులికి తెలుసు?"

"ఇలాటి నూనె గుండెకి సెడుపు. నెత్తురు గొట్టాల్లో కొవ్వు పేరుకుంటాది."

నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. "అయితే ఆయనకి నా సేత్తో నానే పెట్టినానా?"

"బీడీలున్నాయి, ఇంకా శానా ఉన్నాయి. నువ్వొక్కదానివే కారనం కాదు. ఇకనించి ఏటి సెయ్యాలో సూద్దాం."

మర్నాడు వరహాలమ్మ నూకరత్నాన్నీ రక్తపరీక్షకు తీసుకెళ్లింది. ఆమెకూ కొవ్వు ఎక్కువే; రోజుకో మాత్ర రాసిచ్చారు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన నూనెలో అన్నం కలుపుకునే మనిషి సంగతి అంతవరకు ఎవరూ అడగలేదు.

ఇంట్లో నూనె చెంచాతో కొలవడం మొదలైంది. రాగులతో చోడి అంబలి, తోటకూర పప్పు, వేపుడు బదులు చేపల పులుసు. బండి మీద బజ్జీల చోటికి ఉడికించిన శనగలు వచ్చాయి. పాత బేరాలు కొన్ని ముఖం తిప్పుకుని పోయాయి. అప్పలకొండ కూడా "ఇది కూరా, మందా?" అని కంచం తోసేశాడు.

అప్పుడే గడప దగ్గరికి వచ్చిన వరహాలమ్మ అతని ముందు నూకరత్నం పరీక్ష కాగితం తీసి, తెలుగులో చెప్పింది. "నీకొచ్చిందే ఈమెకీ వస్తాది. నువ్వు తినకపోతే ఈమె కూడా పాత వంటకే పోతాది."  అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు.

మూడో నెలలో నన్ను పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు. అతని తోపుడుబండి కదిలే ముందు ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా భోజనం ముగిస్తున్నారు.

"నీ మాత్తర ఏసుకున్నావేటే?" అని అడిగాడు అప్పలకొండ.

నీ ఒంట్లో ఎలా ఉందని అతను ఆమెను అడగడం పదకొండేళ్లలో నేను వినలేదు.  నూకరత్నం ముఖం పక్కకు తిప్పుకుని, మాత్ర వేసుకోవడానికి నీళ్ల గ్లాసు అందుకుంది.