కుళాయికి కట్టిన తాడు

పొద్దున్నే పందుంపుల్ల నోట్లో పెట్టుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళడం గవరయ్యకి అలవాటు. ఓడరేవు డాక్‌లో పని మానేసి ఏళ్ళయింది. రేవు పక్కనే వాట్‌గంజ్ సందులో ఆయన ఇంట్లో, మంచం కింద గంపలో ఒక ఓడతాడు ఉంటుంది. ఆ ఇంటి ఆడమనిషి నెల తప్పితే తాడు పొడుగు పెరిగి, గంపలో ఇమడక కిటికీలోంచి సందులోకి పోతుంది. మూడో నెల నిండేసరికి తనంతట తనే వచ్చి గంపలో చుట్టుకుంటుంది. సందులోవాళ్ళు దాన్ని దాటుకుని నీళ్ళకి పోతారు, అంతే.

ఈసారి కోడలు రాణి వంతు. నిరుడు ఒక కడుపు నిలవలేదు. అందుకే అందరికీ భయం.

డాక్టరమ్మ ముందే చెప్పింది. బిడ్డ పేగు పొట్టకన్నా తొందరగా పెరుగుతుంది, చోటు చాలక కొన్నాళ్ళు బొడ్డుతాడులో ఉంటుంది, తర్వాత మెలి తిరుగుతూ లోపలికెళ్ళి సర్దుకుంటుంది అని. మూడో నెల నిండింది. స్కాన్‌లో పేగు ఇంకా బయటే ఉంది.

"వారం చూద్దాం. అప్పటికీ వెళ్ళకపోతే, పుట్టగానే ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు," అందావిడ బెంగాలీలో.

రాణి దారి పొడుగునా ఏడ్చింది. ఇంటికొస్తే తాడు కిటికీ దగ్గర బిగుసుకుని వణుకుతోంది.

"ఏటయ్యా, ఆ కొసకేసి సూసినావా?" అంది గవరయ్య పెళ్ళాం జగ్గమ్మ.

గవరయ్య తాడు వెంట వెళ్ళాడు. కొస కుళాయి గొట్టానికి కట్టి ఉంది. ముడి తనదే. వదులుగా ఉన్న కొస కనిపిస్తే దేనికో దానికి కట్టెయ్యడం డాక్‌లో పట్టుకున్న అలవాటు. పళ్ళు తోముకుంటూ ఎప్పుడు కట్టాడో ఆయనకే తెలీదు. వెనకే వచ్చిన జగ్గమ్మకేసి తిరిగాడు.

"నానే కట్టీసినానే, జగ్గీ."

"కట్టినోడివి ఇప్పు మరి. ఏడుపు తర్వాత."

తడికి ముడి బిగిసిపోయింది. పక్కింటి సింహాచలమ్మ కత్తి తెచ్చింది.

"కొయ్యకూడదమ్మా," అని గవరయ్య గోళ్ళు విరిగేదాకా తంటాలు పడి విప్పాడు.

తాడు మెల్లగా కదిలింది. ఎడమకి మెలి తిరుగుతూ కిటికీ ఎక్కి, గంపలో చుట్ట మీద చుట్టగా సర్దుకుంది. డాక్‌లో కుడివైపుకే చుడతారు. సరిచేద్దామని గవరయ్య చెయ్యి చాపాడు.

"మావయ్యా, దాన్నలా ఒగ్గీయండి," అంది రాణి. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మళ్ళీ స్కాన్ తీశాక డాక్టరమ్మ నవ్వింది. పేగంతా లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ ఒకేసారి ఆకలేసింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పాలు తాగింది, మర్నాడు మొదటిసారి గుడ్డ పాడుచేసింది. జగ్గమ్మ వద్దంటున్నా వినకుండా, ఆ గుడ్డ తనే ఉతుకుతానని పట్టుకుని గవరయ్య కుళాయికి బయల్దేరాడు.