సరిసమానమైన పిక్కలు

మా ఆయన విరూపాక్షకు సూదంటే ప్రాణభయం. జ్వరమొచ్చి పిర్రకు సూది వేయించుకుంటూ, సరిగ్గా సూది దిగే వేళకు ఎగిరిపడ్డాడు. అది పోయి నరానికి తగిలింది. ఎడమ పాదం పట్టు తప్పింది. నెలలు తిరిగేసరికి పిక్క కరిగిపోయింది. ఎడమ కాలంటే ఆయన నడిపే ట్రాక్టర్‌కు క్లచ్ కాలు. అప్పటికే ఆ సీటు మీద మా మరిది మల్లప్ప కూర్చున్నాడు. "పై ఏడు చెరుకు కోతలకల్లా అన్న క్లచ్ తొక్కకుంటే బండి నాదే వదినె" అన్నాడు. మా అత్త గిరిజమ్మ సరేనంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అది 1985. హైదరాబాదులో స్కానింగు కొత్త. మా ఆయన్ను జహీరాబాద్‌లో బస్సెక్కించి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపింది. ముల్లంగిని అడ్డంగా కోసినట్టు కనిపించాయి రెండు పిక్కలూ.

"తెల్లనిది ఎముక, బూడిదరంగుది కండ, నల్లనిది కొవ్వు. ఎడమవైపు కండ పోయి కొవ్వు చేరింది. నరం రోజుకు మిల్లీమీటరే పెరుగుతుంది. అందాకా రెండు కాళ్లకూ పని చెప్పండి, నడిపించండి. ఏడాదిన్నరకు మళ్లీ రండి" అంది.

ఇంటికొచ్చాక మా అత్త ఆయన్ను మంచం దిగనిస్తేనా. "నరం పెరుగుతున్నదట, కదిలిస్తే తెగుతది" అనేది. నెయ్యి, మేక కాళ్ల పాయ, ముక్కలు చేసిన జొన్నరొట్టె అన్నీ మంచం దగ్గరికే. నేను పోట్లాడితే మా ఆయన "జర చుప్ ఉండు, నరానికి ఫికరైతది" అనేవాడు.

ప్రతి సోమవారం దారం చుట్టి రెండు పిక్కలూ కొలిచేదాన్ని. మొదట రెండు వేళ్ల తేడా. తర్వాత వేలున్నర, ఆ తర్వాత వేలు. పోట్లాట మానేశాను. నెయ్యి నేనే వడ్డించడం మొదలుపెట్టాను. రెండు దారాలూ సమానమైన రోజు మా అత్త వాడంతా చక్కెర పంచింది. మల్లప్ప ముఖం మాడిపోయింది.

మళ్లీ హైదరాబాదు పోయాం. డాక్టరమ్మ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఏడాదిన్నర ఈయన ఏం చేశాడమ్మా?"

"నెయ్యి తిన్నడు" అన్నాను.

"ఎడమది పెరగలేదు. కుడిదే పని లేక కరిగి దానంత అయింది."

"సరిసమానమైనయ్ గద డాక్టరమ్మా" అన్నాడు మా ఆయన.

ఆవిడ నవ్వాపుకుని ఆయన పాదానికి అరచేయి ఆనించి నెట్టమంది. పాదం కాస్త కదిలింది. "నరం వచ్చేసింది. ఇక పని చెప్పేవాళ్లే కావాలి" అంది.

నా చేత్తో నేనే కొలిచి నేనే మోసపోయానని బస్సులో ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి అదే దారం నా పిక్కకు చుట్టి చూశాను. చాలలేదు.

తెల్లారి మల్లప్ప ముందు చేయి చాపాను. "కోతలకు ఇంక ఐదు నెలలున్నయ్. అప్పటిదాక తాళం నాకియ్యి, నడుపుడు నేర్పియ్యి." ఆడదానికేం వస్తుందిలెమ్మని నవ్వుతూ ఇచ్చాడు. క్లచ్ తొక్కాను. అడుగుదాకా దిగింది. అతని నవ్వు పోయింది.

ఆ వారం నుంచి మా ఆయన రొట్టెల మూట ట్రాక్టర్‌కే కట్టేదాన్ని. చేను గట్టున ఆపి, "తినాలంటే నడిచి రా" అని కబురు పెట్టేదాన్ని. మా అత్త నన్ను తిట్టని తిట్టు లేదు. మొదటి రోజు కర్ర పట్టుకుని వచ్చేసరికి పొద్దు వాలింది. నెల తిరిగాక మధ్యాహ్నానికే వచ్చాడు. మూడో నెలకు కర్ర పారేశాడు.

కోతలు మొదలైన రోజు మల్లప్ప చూస్తుండగా మా ఆయన సీటెక్కి, ఎడమ కాలు ఆనించి తొక్కాడు. కాలు వణికింది, కానీ క్లచ్ పూర్తిగా దిగింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకున్నాను.

"ఇగ బండి నేను నడుపుత, నువ్వు ఇంట్ల కూసో" అన్నాడు దర్జాగా.

"పొద్దుగాల నువ్వు నడుపు, మధ్యాహ్నం నుంచి నేను నడుపుత" అన్నాను. "ఇంట్ల కూసుంటె నా పిక్క కరగదా?"