ఇరవై మీటర్ల లోతులో

సకల జనుల సమ్మె నాలుగో వారంలో పడింది. బస్సులు లేవు, బడులు లేవు, ఎల్బీ నగర్ చౌరస్తాలో రోజూ వంటావార్పు. అలాంటప్పుడు రజిత మాల్దీవులకు పోతానని సూటుకేసు సర్దుకుంటుంటే ఆమె భర్త మధుకర్ ఊరుకుంటాడా?

“జనమంత రోడ్ల మీదుంటే నువ్వు సముద్రంల ఈత కొట్టనీకి పోతవా?” అన్నాడు గుమ్మంలో నిలబడి. అతను బాటసింగారం సర్కారు బడిలో టీచరు. సమ్మె మొదలైన రోజు నుంచీ శిబిరంలోనే ఉంటున్నాడు.

“మా కాలేజి ఎట్లాగు బందే ఉన్నది. నేను పోతె నీ సమ్మెకేమైతది?”

“ఎవరితోని పోతున్నవో జర సోయి ఉన్నదా?”

సోయి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె పాఠం చెప్పే ఎంసెట్ కోచింగ్ కాలేజీ అధిపతి భానుమూర్తి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఆ ఏడాది ర్యాంకులు బాగా వచ్చాయని ఆరుగురు లెక్చరర్లను తనతోపాటు విహారానికి తీసుకువెళ్తున్నాడు. వారం రోజులు ఓడలోనే తిండి, ఓడలోనే పడక, పొద్దునా మధ్యాహ్నం సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దూకడం. ఆ ఆరుగురిలో తెలంగాణ మనిషి రజిత ఒక్కతే.

ఆమె జువాలజీ లెక్చరర్. పద్నాలుగేళ్లుగా సొరచేప మొప్పల చీలికలు బోర్డు మీద గీస్తూనే ఉంది. బతికున్న సొరచేపను మాత్రం ఒక్కసారీ చూడలేదు. పోచంపల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదానికి సముద్రమే కొత్త. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నాలుగు ఆదివారాలు స్విమ్మింగ్ పూల్‌కు పోయి, ముక్కులోకి నీళ్లు పోయించుకుంటూ డైవింగ్ నేర్చుకుంది. ఇంత చేశాక ఆగుతుందా?

“ఎవరితోని పోతె నీకేంది? నేను చాపలను సూడనీకి పోతున్న” అని సూటుకేసు మూత ధడాలున వేసింది. పిల్లలిద్దరినీ అత్తగారు అంజమ్మకు అప్పగించి, మీర్‌పేట్ నుంచి ఆటో దొరక్క గంటసేపు నిలబడి, ఆ కోపంతోనే విమానం ఎక్కింది.

మొదటి డైవ్‌లోనే ఆ కోపం ఎటో పోయింది. గోరువెచ్చని నీళ్లలో పువ్వులాంటి సముద్రజీవి వేళ్ల మధ్య దోబూచులాడే చారల చేపను చూసి, ఇన్నేళ్లు పిల్లలకు తాను చెప్పింది సగమేనని తెలిసి, ముక్కుకీ కళ్లకీ పెట్టుకున్న అద్దాల వెనక ఏడ్చింది. అన్నం దగ్గరే ఉండేది చిక్కంతా.

“మేం రాకముందు దిల్‌సుఖ్‌నగర్ ఏముందండీ? కంపచెట్లు! ఈ సమ్మెలు చేసేవాళ్లలో ఒక్కడైనా ఒక కాలేజీ కట్టాడా?” అనేవాడు భానుమూర్తి చేపముల్లు తీస్తూ. అని, రజిత వైపు తిరిగి నవ్వేవాడు. “మిమ్మల్ని కాదులెండి రజిత గారూ. మీరు మా మనిషే.”

మిగతావాళ్లు నవ్వేవారు. రజిత ముద్ద మింగేది. మింగి, గదిలోకి పోయి తనను తాను తిట్టుకునేది. చేపల కోసం వచ్చినదానికి నోరు కూడా కట్టేసుకోవాలా?

నీళ్లలోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదు. ఇద్దరిద్దరు జంటగా దిగాలి, ఒకరి గాలి మీటరు ఒకరు చూసుకోవాలి. శ్రీలంక నుంచి వచ్చిన డైవింగ్ గైడు మొదటిరోజే ఈ మాట పదిసార్లు చెప్పాడు. భానుమూర్తి భార్య ఇంద్రాణికి నీళ్లంటే భయం, ఓడ దిగదు. అందుకని ఆయన రజితను జంటగా ఎంచుకున్నాడు. తాను తీసే వీడియోల్లో ఏ చేప పేరేమిటో చెప్పడానికి మనిషి కావాలి కదా.

నాలుగోరోజు పొద్దున గైడు వెనక అందరూ పగడపు గోడ వెంబడి వెళ్తున్నారు. మాంటా రే అనే పెద్ద టేకు చేప ఒకటి, రెండు ఈతాకు చాపలంత రెక్కలతో, కింద నీలంలో కనిపించింది. పద్దెనిమిది మీటర్లకు మించి దిగొద్దన్న మాట గాలికి వదిలి భానుమూర్తి కెమెరా పట్టుకుని దాని వెంట పడ్డాడు. ఎదురు ప్రవాహం. ఆయన కాళ్లు ఆపకుండా ఆడిస్తున్నాడు. రజిత సిలిండరు మీద చేత్తో తట్టి చప్పుడు చేసింది, పైకి రమ్మని బొటనవేలు చూపింది. ఆయన వెనక్కి చూడలేదు. జంటను వదలకూడదు కనుక ఆమె కూడా దిగింది.

ఇరవై మీటర్ల లోతులో ఆయన తిరిగాడు. అరచేత్తో గొంతు కోసుకున్నట్టు చూపించాడు. గాలి అయిపోయిందని సైగ.

రజిత ఆపదలో జంటకు ఇవ్వడానికి ఉండే తన రెండో గాలి గొట్టం, పసుపుపచ్చనిది, తీసి అందించేలోపే ఆయన మీదపడి ఆమె నోట్లో ఉన్నదాన్నే గుంజుకున్నాడు. ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. ఒక్క క్షణం ఆమెకు పిల్లల ముఖాలు కూడా గుర్తురాలేదు, ఆ పసుపు గొట్టం తప్ప. దొరికింది. నోట్లో పెట్టుకుని, దగ్గి, ఊపిరి పీల్చింది. ఆయన ఒక్కసారిగా పైకి దూసుకుపోబోయాడు. అలా పోతే ఊపిరితిత్తులు పగులుతాయి. ఆయన జాకెట్టు పట్టీ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, మెల్లగా ఊపిరి వదలమని చేత్తో చూపిస్తూ మీటరు మీటరుగా తీసుకొచ్చింది. రక్తంలో గాలి బుడగలు కట్టకుండా అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపింది. ఆయన గింజుకున్నాడు. ఆమె వదల్లేదు.

ఓడకు చేర్చే చిన్నపడవ మీదికి ఎక్కాక ఆయన తువాలు కప్పుకుని మూలన ముడుచుకున్నాడు. బెదిరిపోయాడు పాపం అనుకుంది రజిత. గైడు అందరి మీటర్లూ చూసి, ఎవరికెంత గాలి మిగిలిందో ఓడ ఎక్కగానే బోర్డు మీద రాశాడు.

భోజనాల వేళకు భానుమూర్తి మొహంలోకి మళ్లీ కళ వచ్చింది.

“ఇవాళ పెద్ద గండం గడిచిందండీ” అన్నాడు పెరుగన్నం కలుపుతూ. “రజిత గారు కింద కంగారుపడిపోయారు. నేను పట్టుకుని పైకి తెచ్చాను కాబట్టి సరిపోయింది.” అందరూ ఆమె వైపు చూశారు. ఆయన నవ్వాడు. “అదేనండీ నేను చెప్పేది. వేరుపడతాం వేరుపడతాం అంటారు. నీళ్లలో పడితే మళ్లీ మేమే పట్టుకోవాలి.”

రజిత లేచి నిలబడింది. కాలేజీలో యాస వినపడితే పిల్లలు నవ్వుతారని ఈ భానుమూర్తే చెప్పాడు. పద్నాలుగేళ్లు ఆమె పుస్తకాల భాషే మాట్లాడింది. ఇప్పుడు నోట్లోంచి వచ్చింది అది కాదు.

“ఏం మాట్లాడుతున్నరు సార్ మీరు? ఎవరు ఎవరిని పట్టుకొచ్చిన్రు? నా నోట్లకెల్లి గొట్టం గుంజుకున్నరు మీరు! నేను సస్తనా బతుకుతనా సూసిన్రా? నా గాలి తాగి బతికి, అన్నం కాడ కూసోని నన్నే బద్నాం చేస్తరా?”

“రజిత గారూ, గొంతు తగ్గించండి—”

“ఎందుకు తగ్గియ్యాలె? నాలుగొద్దుల సంది మావోళ్లను తిడుతుంటే ముద్ద మింగిన. గది నా తప్పు. గిప్పుడు మింగ.” వెనక గోడకున్న బోర్డు చూపించింది. “సదువుండ్రి! సార్ పేరు ముంగట సున్న. నా ముంగట నలభై. గాలి అయిపోయినోడు ఎవడో లెక్క రానోళ్లా మీరంత?”

ఆ బల్ల దగ్గర ఫిజిక్సు చెప్పే నాగార్జున ఉన్నాడు, మ్యాథ్స్ చెప్పే వెంకట్రావు ఉన్నాడు. ఒక్కరూ తలెత్తలేదు. ఇంద్రాణి మాత్రం బోర్డు వైపు చూసి, పళ్లెం పక్కకు జరిపి, లేచి వెళ్లిపోయింది.

తెలుగు రాని గైడు వచ్చి ఏమైందని ఇంగ్లీషులో అడిగాడు. రజిత చెప్పింది. లోతు దాటినందుకూ, గాలి చూసుకోనందుకూ సారుతో భోజనాలయ్యాక మాట్లాడదామనే అనుకుంటున్నానన్నాడు అతను. ఇక ఈ యాత్రలో సారుకు డైవ్ లేదని అందరి ముందే చెప్పేశాడు. ఓడ అద్దెకు మాట్లాడింది తానేనని భానుమూర్తి అరిచాడు. సముద్రానికి ఆ సంగతి తెలియదన్నాడు గైడు.

సాయంత్రం పైడెక్కు మీద నాగార్జున ఆమె దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, మీరన్నది నిజమే. నేను పైనుంచి చూశాను.”

“సూసినవా?”

“చూశానండి. కానీ ఉద్యోగం... ఇద్దరు పిల్లలండి.”

“నాకు లేరా పిల్లలు? గా గొట్టం దొరక్కపోతే వాళ్లకేం చెప్తుంటివి? గిదే చెప్తుంటివా, సారే కాపాడబోయిండని?”

ఆమె అటు తిరిగింది. భానుమూర్తి మీదికన్నా ఇతని మీద ఎక్కువ మండింది ఒళ్లు.

మిగిలిన రోజులన్నీ ఆమె గైడుకు జంటగా దిగింది. సొరచేప కనిపించింది, తాపీగా, ఆమె గీసిన చీలికలన్నీ చెంపల మీద పెట్టుకుని. కళ్లారా చూసింది. చూస్తూ కూడా కోపంగానే ఉంది.

ఇంటికొచ్చి చెబితే మధుకర్ ఎగిరి లేచాడు. “రేపు శిబిరంల మైక్ ఇప్పిస్త. గీ ముచ్చట జనాలకు చెప్పాలె! మన ఆడబిడ్డ గాలిచ్చి బతికిస్తే ఆంధ్రోడు ఎట్ల—”

“నోరు మూసుకో జర” అంది రజిత. “పోయేటప్పుడు నన్ను తిట్టినవు. గిప్పుడు నీ మైకుకు పనికొచ్చిన్నా? గాయనకు నేను ‘మా మనిషి’, నీకు ‘మన ఆడబిడ్డ’. నీళ్ల కింద ఉన్నది రజిత. నేను సచ్చిపోతుంటి మధుకర్. బతికినవా అని ఒక్కసారన్న అడిగినవా?”

అంజమ్మ వంటింట్లోంచి వచ్చి కోడలికి మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. మైకు మాట మళ్లీ రాలేదు.

సమ్మె ముగిసి కాలేజీ తెరిచాక, జరిగిన అపార్థానికి రజిత చింతిస్తున్నట్టు టైపు చేసిన కాగితం ఒకటి ఆఫీసు నుంచి ఆమెకు వచ్చింది. సంతకం పెట్టమన్నారు. ఆమె పెట్టలేదు. ఉద్యోగం తీసే ధైర్యం భానుమూర్తికి లేదు, పరీక్షల ముందు జువాలజీకి మరో మనిషి దొరకడు. టాపర్ల బ్యాచి నుంచి తీసి ఎల్బీ నగర్ బ్రాంచిలో చివరి సెక్షన్‌కు వేశాడు. ఆమె వెళ్లింది. నెలకోసారి ఆయన బ్రాంచి చూడటానికి వచ్చినప్పుడు వరండాలో ఎదురుపడేది. అందరూ పక్కకు తప్పుకునేవారు. రజిత తప్పుకునేది కాదు. గోడ పక్కనుంచి ఒదిగి పోయేది ఆయనే.