గంగాభవాని ఎడమ కన్ను

రాయపూర్ పక్క ధర్సీవా దగ్గరి ఇనుప సామాన్ల షెడ్డులో గ్రైండింగ్ చేస్తుండగా మిషను సానరాయి పగిలి, దాని ముక్క గంగాభవాని ఎడమ కంట్లో దిగింది. కళ్లకు అద్దాలు ఇమ్మని ఆ వారమే రెండుసార్లు అడిగింది. కాంట్రాక్టరు యోగేష్ “ముందు మాల్ తియ్యి, చష్మా తర్వాత” అని నవ్వేశాడు.

కన్ను దక్కలేదు. రాయపూర్ ఆసుపత్రిలో డాక్టర్ పూర్ణిమ మంచం పక్కన కూర్చుని చెప్పింది: “గుడ్డు తీసేసి ఊరుకుంటే గుంట లోపలికి పోతుంది. అందుకే గోలీలాంటి ఉండ పెట్టి, కన్ను తిప్పే కండరాల్ని దానికి కుడతాను. గాయం మానాక పైన ప్లాస్టిక్ కన్ను పెడతారు. కుడి కంటితో పాటే అదీ తిరుగుతుంది.”

“చూపొస్తాదా మేడమ్?”

“రాదమ్మా.”

“అయితే తిరిగేలాగైనా గట్టిగా కుట్టండి. ఆ కాంట్రాక్టరుగాడి ముందు తలెత్తుకుని నిలబడాల నేను.”

డాక్టర్ శ్రద్ధగా కుట్టింది. రెండు నెలలకు పెట్టిన ప్లాస్టిక్ కన్ను ఎంత బాగా అమరిందంటే, టాటీబంధ్‌లో బస్సెక్కితే పక్క సీటు మనిషి కూడా పోల్చలేడు.

ఆ బాగుండటాన్నే యోగేష్ వాడుకున్నాడు. ఆమె ఫిర్యాదు మీద జరిగిన లేబర్ ఆఫీసు విచారణలో వేలు చూపించి, “చూడండి సాబ్, రెండు కళ్లూ బరాబర్ తిరుగుతున్నాయి. చిన్న గీత పడింది, అంతే. ఆసుపత్రి కాగితాలు ఎవరైనా రాయించుకుంటారు” అన్నాడు. సాక్ష్యానికొచ్చిన తోటి పనివాళ్లు, పని పోతుందని తలలు దించుకున్నారు.

గంగాభవాని లేచింది. కింది రెప్ప లాగి, ప్లాస్టిక్ కన్ను బయటికి తీసి, యోగేష్ అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది.

“పట్టుకో. దీంతో నీకేటి కనిపిస్తందో చెప్పు.”

వాడు మొహం తిప్పబోయాడు.

“ఇటు చూడు!”

రెప్పల మధ్య ఎర్రటి పొర. దాని కింద ఉండ ఒకసారి ఆఫీసరు వైపు, ఒకసారి వాడి వైపు తిరిగింది. ఆఫీసరు కలం కింద పెట్టేశాడు.

అప్పుడు తోటి గ్రైండర్ సందీప్ ముందుకొచ్చాడు. “మాకెవరికీ చష్మాలు ఇవ్వలేదు సాబ్.” అతని వెనకే మిగతావాళ్లూ.

యోగేష్ కాంట్రాక్టు లైసెన్సు రద్దయింది, కేసు కోర్టుకెక్కింది. వాడు గంగాభవాని ఇంటికొచ్చి చేతులు జోడించాడు.

“దీదీ, మాఫ్ చెయ్యి. పిల్లలున్నారు.”

“నాకూ ఉన్నారు. నా చిన్నది జడిసిపోయి నెల్లాళ్లు నా దగ్గరికి రాలేదు.” తలుపు వేసేసింది.

వాడికి జైలుశిక్ష పడిన రోజు గంగాభవాని వీధంతా జిలేబీ పంచింది.

“ఒక మనిషి జైలుకెళ్తే మిఠాయేంటే?” భర్త నాగబాబు కసిరాడు.

“వేడిగా ఉంది, తిను,” అని పొట్లం అతని ముందుకు తోసింది.