గాలి టవర్‌కు తగిలిన దిష్టి

మునిశేఖర్ ఏం పని చేస్తాడని తిరుపతిలో ఎవరడిగినా, వాళ్ళమ్మ శకుంతలమ్మ గర్వంగా "రేపు గాలి ఎంత తోలుతాదో ఈ పొద్దే చెప్తాడు" అనేది. దానికి జీతం కూడా ఇస్తారా అని విన్నవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. ఇస్తారు. పలమనేరు దాటాక ఒక గుట్ట మీద గాలిమరలున్నాయి. అవి రేపు ఎంత కరెంటు తీస్తాయో ఈ రోజే చెప్పకపోతే గ్రిడ్ వాళ్ళు ఊరుకోరు. ఆ చెప్పే పని మునిశేఖర్‌ది.

మేఘాల దగ్గర గాలి బుద్ధిగానే ఉంటుంది, కంప్యూటర్ చెప్పిన దారినే పోతుంది. నేలకు దగ్గరయ్యేకొద్దీ దానికి పొగరెక్కుతుంది. చెట్టు, బండ, ఎండ, ఏది ఎదురైతే దానితో తగువు పెట్టుకుంటుంది. అందుకే గుట్ట మీద ఒక టవర్ నిలబెట్టి, గాలికి గిరగిరా తిరిగే చిన్న గిన్నెలు బిగించారు. అవి తిరిగే వేగాన్ని బట్టి కంప్యూటర్ తన అంచనాను దిద్దుకుంటుంది.

ఆషాఢం వచ్చేసరికి అంచనాలు కొంచెం కొంచెం తప్పసాగాయి. ఆఫీసు పెద్ద ప్రసన్నకుమారి మేడం అతన్ని పిలిచింది.

"నెలాఖరుకు లెక్క కుదరకపోతే ఈ గుట్ట పని చెన్నై ఆఫీసోళ్ళకు పోతాది మునిశేఖర్. నీ కుర్చీ కూడా ఈడ ఉండదు."

కుర్చీ పోతే గిరి మామ లాడ్జీ కౌంటరే గతి. యాత్రికులకు తాళాలిచ్చి, వేణ్ణీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పే పని. అందులో ఇదివరకే మగ్గి బయటపడ్డవాడు కాబట్టి మునిశేఖర్‌కు నిజంగానే భయమేసింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని తల్లికి సంగతంతా చెప్పాడు.

"దిష్టి తగిలుండాది," అని తేల్చేసింది శకుంతలమ్మ. "నేనే వీధంతా చెప్పుకుంటిని కదా. నీ టవర్‌కు ఒక బూడిద గుమ్మడికాయ కట్టు నాయనా."

వాతావరణశాస్త్రంలో ఎం.టెక్ చేసినవాడు నవ్వి ఊరుకోవాలి. కానీ భయం దూరిన తలలో చదువుకు చోటుండదు. కాయను చంకన పెట్టుకుని పలమనేరు బస్సెక్కాడు. టవర్ కాపలాదారు పెంచలయ్య పైకెక్కి, యాడ కట్టమంటారని అడిగాడు. "అందరికీ కనబడాల. ఆ గిన్నెల పక్కనే కట్టు," అన్నాడు మునిశేఖర్. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

కాయ గాలికి అడ్డం నిలిచింది. గిన్నెలు నెమ్మదించాయి. గాలే తగ్గిందనుకుని కంప్యూటర్ అంచనాను తగ్గించింది. ఎక్కడో పైనున్న మరలు మాత్రం ఎప్పటిలాగే తిరిగాయి. తప్పు రెట్టింపయింది.

"అంత దిష్టికి కాయ యాడ చాలుతాది," అని శకుంతలమ్మ ఈసారి గడ్డితో నిలువెత్తు బొమ్మే కట్టింది. మీసాలు దిద్దింది. దిష్టి తగిలింది ఉద్యోగానికి కాబట్టి కొడుకు ఆఫీసు టీషర్టే తొడిగింది. పెంచలయ్య దాన్ని వీపున మోసుకెళ్ళి, జారిపోకుండా గిన్నెలను వాటేసుకున్నట్టు కట్టాడు. మర్నాడు గుట్ట మీద ఆకు కూడా కదలదని కంప్యూటర్ చెప్పింది. ఆ రోజంతా మరలు పూనకం వచ్చినట్టు తిరిగాయి.

ఇక లాభం లేదని ప్రసన్నకుమారి మేడం అతన్ని కారెక్కించుకుని గుట్టకు బయల్దేరింది. గుట్ట మీద దిగీదిగగానే మేడం చున్నీ ఎగిరిపోయి ముళ్ళకంపకు చిక్కుకుంది. దాన్ని లాక్కుంటూ ఆమె తలెత్తి చూసింది.

"ఎవరాయన? మనాఫీసు టీషర్టు వేసుకోనుండాడే."

"బొమ్మ మేడం. దిష్టికి. నేనే కట్టించినా."

ఆమె చాలాసేపు ఆ మీసాలనే చూసింది.

"లెక్క కుదరాలని నేనూ చర్చిలో ప్రార్థన పెట్టించినానప్పా," అంది చివరికి. "నా ప్రార్థన గాలికి అడ్డం రాలేదు సూడు."

బొమ్మ దిగింది, కాయ దిగింది. టవర్ చుట్టూ గాలికి అడ్డంగా ఏపుగా పెరిగిన తుమ్మకంపను కూడా మేడం కొట్టించింది. అసలు మొదటి తప్పు ఆ కంపదే. ఆ తర్వాత ఏ రోజు చూసినా అంచనా, కరెంటు పక్కపక్కనే నడిచాయి. కానీ అప్పటికే సగం నెల పాడైపోయింది.

నెలాఖరున చెన్నై ఆఫీసు పెద్ద రాజారత్నం ఫోన్ చేసి, నడిమధ్యలో మీకేమొచ్చిందని అడిగాడు. మేడం ఫోన్ తెచ్చి మునిశేఖర్ చేతిలో పెట్టింది. పరికరం చెడిపోయిందంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కుర్చీ ఎటూ పోయేదే, అబద్ధాలకోరన్న పేరైనా రాకూడదని మింగేశాడు.

"తప్పు నాదే సార్. గిన్నెల పక్కన గుమ్మడికాయ కట్టించినా. అది చాల్లేదని మనిషంత బొమ్మను కట్టించినా."

ఫోన్లో అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది. రాజారత్నం గొంతు బాగా తగ్గించాడు.

"తీసేశాక లెక్క కుదిరిందా?"

"కుదిరింది సార్."

"మా టవర్లన్నిటికీ దగ్గరుండి నేనే కట్టించాను గుమ్మడికాయలు. అప్పటినుంచీ మా లెక్కలూ ఇంతే. గుట్ట పని మీ దగ్గరే ఉండనివ్వండి. ఈ మాట మాత్రం మన మధ్యనే ఉండాలి." కాస్త ఆగాడు. "అవునూ, వాటిని తీస్తే దోషమేమైనా ఉందా?"

మునిశేఖర్ చాలా రోజుల తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"మా అమ్మనడిగి చెప్తా సార్," అన్నాడు.