ఎర్ర దారం రఫూ

చిరుగు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా రఫూ చేయడంలో ఆవిడది చేయి తిరిగిన పనితనం. పదహారేళ్ల కొడుకు తెల్లచొక్కా జేబు మీద సిగరెట్ కాల్చిన చిల్లిని కూడా అలాగే మాయం చేసింది, తండ్రి కంటపడితే ఇల్లు పీకి పందిరేస్తాడని. ఇవాళ ఆ చొక్కా మళ్లీ వచ్చింది. వెధవ, సరిగ్గా ఆవిడ చేసిన రఫూ మీదే కాల్చుకొచ్చాడు!

"ఇస్త్రీ చేస్తుంటే కాలిందమ్మా. సిగరెట్లు ఎప్పుడో మానేశాగా."

"ఇస్త్రీపెట్టె శనగగింజంత ఉంటుందా? నాలుగు మెట్లెక్కితే కొలిమితిత్తిలా రొప్పుతున్నావు, పొద్దున లేస్తే ఆ దగ్గొకటి! ఎవరి చెవిలో పూలు పెడతావురా?"

వాడు తల దించుకున్నాడు. "మానాలనే ఉందమ్మా. మానితే చేతులు వణుకుతున్నాయి."

ఆవిడ విసురుగా సూది అందుకుంది. కాసేపటికి చొక్కా వాడి ఒళ్లో పడేసింది. జేబు మీద ఎర్రటి మచ్చ, వీధి చివరికి కూడా కనపడేలా.

"ఇదేంటమ్మా! తెల్లదారం అయిపోయిందా? నాన్న చూస్తే?"

"చూడనీ. తెల్లదారం బోలెడుంది. నీ చిల్లులు దాచడమే మానేశాను. చేతులు నాకూ వణికాయిరా, అయినా మానేశాను."